పాత టెలివిజనుకు డి.వి.డి. యంత్రము: లోపమును కనుగొను క్రమము



మన బిడ్డలు వీథిలో నొక భాషను, తరగతిలో రెండు మూడు భాషలను విందురు. తెలుగు మాట వారి చెవిని బడుట పెక్కిండ్లలో పెద్దల నోటనే. అందుచే పాత చలనచిత్రముల డిస్కులును, పెండ్లిండ్ల డిస్కులును మనకు కేవలము వినోదవస్తువులు కావు. యంత్రము పలుకలేదని వానిని మూలబడవేయుట పుస్తకముల బీరువాకు తాళము వేసి తాళపుచెవిని పారవైచుటతో సమానము.

మా యింట జరిగిన సంగతి చెప్పెదను. మా అమ్మమ్మ పాడిన పెండ్లిపాటలను ఒక డిస్కునందు భద్రపరచితిమి. ఒకనాడు తెర నీలముగా నుండెనే గాని బొమ్మ రాలేదు. యంత్రము చెడినదని నిశ్చయించి పాతసామానుల వర్తకునికి అమ్మివేసితిమి. క్రొత్త యంత్రము తెచ్చినపుడును అదే నీలితెర! టెలివిజనుపై ఒక మీట నొక్కకపోవుటయే లోపమని అప్పుడు తెలిసినది. పాటల డిస్కు మాత్రము అమ్మిన యంత్రములోనే యుండిపోయినది. అట్టి నష్టము మఱియొకరికి కలుగకుండుటకే యీ పాఠము.

బొమ్మ నడచు దారి

డిస్కునందలి సంకేతములను యంత్రములోని ఎఱ్ఱని లేజరు కిరణము చదువును. యంత్రము వానిని విద్యుత్సంకేతములుగా మార్చి తీగల ద్వారా టెలివిజనుకు పంపును. కావున డిస్కు, యంత్రము, తీగ, టెలివిజను అను నాలుగు మజిలీలు గలవు. లోపము ఏ మజిలీలో నున్నదో తెలిసికొనుటయే మన పని. ఒక మారు ఒక్కదానినే మార్చి చూడవలెను. రెండు మూడు మార్పులు ఒక్కసారి చేసినచో ఏది ఫలించినదో తెలియదు.

మొదటి పరీక్ష: డిస్కు లేకుండ

యంత్రమునుండి డిస్కును తీసివేసి విద్యుత్తు నిండు. సాధారణముగా తెరపై యంత్రనిర్మాతల గుర్తు కనబడును. అది కనబడినచో తీగలును టెలివిజనును సరిగానే యున్నవి. లోపము డిస్కునందో, దానిని చదువు కటకమునందో గలదు. కనబడనిచో డిస్కును నిందింపక రెండవ పరీక్షకు పొండు.

రెండవ పరీక్ష: టెలివిజను మీట

టెలివిజను రిమోటుపై 'ఎ.వి.' అనియో 'సోర్సు' అనియో వ్రాసిన మీటను ఒక్కొక్క మారు నొక్కి, రెండు మూడు క్షణములు ఆగి చూడుడు. కొన్నింటిలో ఎ.వి.1, ఎ.వి.2 అని రెండు ద్వారము లుండును. తీగ ఒకదానిలో నుండి, తెర మఱియొకదానిని చూపుచుండుట తఱచు జరుగు పొరపాటు.

మూడవ పరీక్ష: తీగలు

పసుపు తీగ బొమ్మను, తెల్లనిది ఎడమవైపు ధ్వనిని, ఎఱ్ఱనిది కుడివైపు ధ్వనిని కొనిపోవును. ఇవి యంత్రమున 'ఔట్' అను చోటను, టెలివిజనున 'ఇన్' అను చోటను ఉండవలెను. యంత్రమునకు ఆకుపచ్చ, నీలము, ఎఱుపు రంగుల రంధ్రములు వేఱుగా నున్నచో అవి మూడును బొమ్మకే చెందినవి. అందలి ఎఱుపును ధ్వని ఎఱుపుగా భ్రమింపరాదు. తీగను మెల్లగా కదల్చినపుడు బొమ్మ వచ్చి పోవుచున్నచో ఆ తీగను మార్చుటయే మందు.

తీగలు సరిగానుండియు బొమ్మ రానిచో, యంత్రము 'ప్రోగ్రెసివ్' పద్ధతికి మాఱియుండవచ్చును. గాజుగొట్టపు పాత టెలివిజనులు సాధారణముగా దానిని గ్రహింపజాలవు. పెక్కు యంత్రముల రిమోటుపై 'వీడియో మోడు' మీట గలదు. డిస్కును తీసి దానిని కొన్ని మారులు నొక్కిన బొమ్మ తిరిగి రావచ్చును.

బొమ్మ వచ్చియు వికృతమైనచో

రంగు లేక బొమ్మ పైకి క్రిందికి దొరలుచున్నచో ప్రసారపద్ధతుల భేదమును శంకింపవలెను. మన దేశపు 'పాల్' పద్ధతిలో 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు, అమెరికాలోని 'ఎన్.టి.ఎస్.సి.' పద్ధతిలో 525 గీతలు, సుమారు 30 చిత్రములు. యంత్రపు అమరికలలో 'పాల్' ఎన్నుకొనుడు. అయితే 1957 నాటి 'మాయాబజార్' మూలప్రతి నలుపు తెలుపులలోనే యున్నది గదా! అందులో రంగు లేదని తీగలు పీకుట తగదు.

విదేశమునుండి బంధువులు తెచ్చిన డిస్కు 'రీజియన్' దోషమును చూపినచో అది తీగల లోపము కాదు. భారతదేశము 5వ మండలము, అమెరికా 1వ మండలము.

మాట వినబడనిచో

సంగీతము మ్రోగుచు సంభాషణ మాత్రము లీలగా వినబడుట కలదు. ధ్వని అమరిక '5.1' గా నున్నపుడు యంత్రము సంభాషణను నడిమి స్పీకరునకు పంపును. పాత టెలివిజనుకు అట్టి స్పీకరు లేదు. అమరికను 'స్టీరియో' గా మార్చిన మాట తిరిగి వచ్చును. తెలుగు మాట వినుటకే డిస్కు పెట్టిన మనకు ఇది ముఖ్యమైన అమరిక.

డిస్కును కాపాడుట

అక్షరములున్న ముఖము పైకుండునట్లు పెట్టవలెను. మురికిని మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా త్రిప్పి తుడిచిన గీతలు దారి వెంబడి పడి చదువుట కష్టమగును. ఒక డిస్కు నిలిచి తక్కినవి ఆడినచో దోషము ఆ డిస్కుదే. ఏదియు ఆడనిచో కటకమునకు దుమ్ము పట్టియుండవచ్చును. ఇంట వ్రాసిన డిస్కులు ఎండకు, వేడికి త్వరగా చెడును. కుటుంబపు డిస్కులకు వెంటనే మఱియొక ప్రతి తీయించుడు.

హెచ్చరిక: టెలివిజను వెనుక మూతను ఎన్నడును తీయరాదు. విద్యుత్తు ఆపిన పిదపను గాజుగొట్టమునందు ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండగలదు. యంత్రపు మూతను విప్పి లేజరు కిరణమును చూడరాదు. ఆ పని తెలిసినవారికి వదలుడు.

తుదకు ఒక విన్నపము. ఈ పుటను మీ బిడ్డచే బిగ్గరగా చదివించుచు ఒక్కొక్క పరీక్షను మీరు చేయుడు. యంత్రము బాగుపడినను పడకపోయినను, బిడ్డకు ఆ పూట తెలుగు పఠనము జరిగియే తీరును. యంత్రమును అమ్మదలచినచో మాత్రము ముందుగా దాని అరను తెరచి చూడుడు.