బాలహింస లెక్కలను చదువు విధము

ఒక నగరమున బాలహింసను గూర్చిన ఫిర్యాదులు పెరిగినంత మాత్రమున హింసయే పెరిగినదని తలపరాదు. మూడు విషయములను ముందుగా విచారింపవలెను.

మొదటిది జనసంఖ్య. మరమగ్గముల పనికై తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన సూరత్ నగరమున 2001లో సుమారు 24 లక్షల జనముండిరి. 2011 నాటికి 44 లక్షలు దాటిరి. నడుమ 2006లో నగరపు ఎల్లలును విస్తరించినవి. కావున మొత్తములను గాక, లక్ష మంది బాలలకు ఎన్ని ఫిర్యాదులో పోల్చవలెను.

రెండవది చట్టము. 2012 నవంబరు 14న పోక్సో చట్టము అమలునకు వచ్చినది. నాటినుండి బాలలపై లైంగిక నేరమును ఎరిగినవారు దానిని తెలుపుట విధి. అందువలన మునుపు మరుగున పడియుండెడి నేరములును లెక్కకెక్కును.

మూడవది మౌనము. గుజరాతు, ఆంధ్రప్రదేశ్ మున్నగు 13 రాష్ట్రములలో జరిపి, కేంద్రప్రభుత్వము 2007లో ప్రకటించిన అధ్యయనమున, 53 శాతము బాలలు ఏదో యొక రూపమున లైంగిక హింసకు గురియైతిమని చెప్పిరి. అధికులు ఆ సంగతిని ఎవ్వరికిని తెలుపలేదు.

కావున ఫిర్యాదులు లేని పేట సురక్షితమైన పేట యని యెంచరాదు. అచ్చటి బిడ్డకు ఠాణాలోని భాష రాకపోవచ్చును. అట్టి బిడ్డ వాఙ్మూలమునకు దుబాసి సాయము పొందుటకు చట్టము వీలు కల్పించినది. బిడ్డ నోరు విప్పినపుడు ఓపికతో ఆలకించి, 1098కు తెలుపుట పెద్దల కర్తవ్యము.