ఉప్పుగాలికి ఇంజన్ కవర్లు తెల్లబడితే...

ప్రశ్న: మాది వీరాంపట్టినం. బుల్లెట్ ఇంజన్ కవర్లు పొక్కులొచ్చి తెల్లబడ్డాయి. ఇంట్లోనే విప్పి పెయింట్ వేసుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: వేసుకోవచ్చండి. సముద్రపు ఉప్పుగాలికి అల్యూమినియం మీద తెల్లపొడి కడుతుంది. ఇంజన్ చల్లారాక ఆయిల్ దించండి. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. కవర్ ఊడకపోతే రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చితే అంచు గీసుకుపోయి ఆయిల్ కారుతుంది. పొడి రుద్ది తీసేసి, కడిగి, ఆరాక గాస్కెట్ ఆనే అంచుకు టేపు అంటించి, వేడిని తట్టుకునే పెయింట్ కొట్టండి. పెయింట్ ఆరాక టేపు తీసి, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఆయిల్ పోశాకే స్టార్ట్ చేయండి. ఆ తర్వాత వారానికోసారి మంచినీళ్లతో కడిగి తుడుస్తుండండి.