గుట్టలు, చెరువులు, పండుగలు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున గచ్చిబౌలి కలదు. గచ్చు అనగా సున్నము, ఇసుక కలిపి నూరి పూసెడి పూత. బౌలి అనగా మెట్లు గల దిగుడుబావి. చుట్టుపట్ల నున్న ఊళ్ళ పేర్లును ఇట్టివే. కొండాపురము పేరున కొండ యున్నది. రాయదుర్గము పేరున దుర్గ మున్నది. ఖాజాగూడ, కొత్తగూడ, నానక్‌రాంగూడ పేర్లలో గూడె మున్నది. కంచ గచ్చిబౌలి యను పేరులోని కంచ యనగా పశువులు మేయు బీడు. ఈ పేర్లను వరుసగా చదివినచో ఒకప్పుడు ఆ నేల యెట్లుండెనో కొంత తెలియును. గుట్టలు, గుట్టల నడుమ చెరువులు, చెరువుల క్రింద కొలదిపాటి పొలములు, మిగిలినదంతయు తంగేడు పొదలును సీతాఫలపు చెట్లును పెరిగిన మెట్ట.

1974 వ సంవత్సరమున స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము పిదప ఈ మెట్టపై వెలసెను. 1998 లో మాదాపురమున సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. ఆ పిమ్మట ఒక్క తరము గడచునంతలో కంప్యూటరు కార్యాలయములును, వాటిలో పనిచేయువారి నివాసములును గుట్టల తలలను మించి లేచినవి. గోదావరి తీరమునుండి, అనంతపురమునుండి, కరీంనగరమునుండి, తమిళ దేశమునుండి, వంగ దేశమునుండి కుటుంబములు వచ్చి చేరినవి. ముప్పదియవ అంతస్తున నివసించు బాలునకు వానకాల మనగా కిటికీ అద్దముపై జారు నీరే.

అయినను ఇచట పండుగలు తగ్గలేదు, సరికదా, హెచ్చినవి. ప్రతి నివాస సముదాయమునకు ఒక సంఘము కలదు. సంఘము గల చోట ఉత్సవము కలదు. చందాలు వసూలగును, షామియానాలు లేచును, వంటవారు వత్తురు. కాని పండుగకు కావలసిన పూవు, నీరు, చెట్టునీడ యను మూడింటిని మాత్రము ఏ సంఘమును తీర్మానము చేసి పుట్టింపలేదు. అవి నేలనుండి రావలసినవే.

తెలంగాణమున పండుగల వరుస వానలతో మొదలగును. ఆషాఢమాసమున గోలకొండ కోటలోని జగదాంబిక గుడిలో బోనములు ప్రారంభమగును. పిదప సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి గుడియందును, ఆ వెనుక పాతబస్తీలోని లాల్‌దర్వాజయందును జరుగును. పాలు, బెల్లము వేసి వండిన అన్నమును క్రొత్తకుండలో నుంచి, కుండకు పసుపు కుంకుమలు పూసి, వేపమండలు కట్టి, పైన దీపము వెలిగించి స్త్రీలు తలపై మోసికొని పోవుదురు. గోలకొండ గచ్చిబౌలికి చేరువయే. పిల్లలతో పోవువారు ఉదయముననే బయలుదేరుట మేలు. మధ్యాహ్నమునకు కోట మెట్లపై కాలు మోపుటకు చోటుండదు.

ఆగస్టు మాసాంతమున మరియొక విధమైన సందడి కలుగును. హుస్సేనుసాగరపు ఒడ్డున మొదలైన మారథాను పరుగు 42 కిలోమీటర్ల 195 మీటర్లు సాగి గచ్చిబౌలి క్రీడారంగమున ముగియును. 2002 లో జరిగిన జాతీయ క్రీడల కాలమున నిర్మింపబడి, మరుసటి యేట ఆఫ్రో-ఆసియా క్రీడలకు వేదికయైన రంగమది. పరుగెత్తువారికన్న దారిప్రక్కన నిలిచి నీళ్ళందించు కుటుంబములను చూచుట యెక్కువ వేడుకగా నుండును. భాద్రపదమున వినాయకచవితి వచ్చును. ఆ విగ్రహముల నిమజ్జనమునకై దుర్గం చెరువు దాపున ప్రత్యేకముగా చిన్న కొలను కట్టిరి. చెరువును రంగులనుండి, పూతలనుండి కాపాడుటకు చేసిన ఏర్పాటిది. మట్టి ప్రతిమను కొనినవారికి ఈ చిక్కు తక్కువ.

ఇక బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదవ దినమున సద్దుల బతుకమ్మతో ఈ పండుగ ముగియును. నడుమ అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యపు బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వేపకాయల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ యని దినమున కొక పేరు, పేరున కొక నైవేద్యము. ఆరవనాడు మాత్రము అమ్మవారు అలిగినదని పూలు పేర్చరు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014 లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించిరి. ఆ యేడే తంగేడు రాష్ట్ర పుష్పమైనది.

బతుకమ్మను పేర్చుట నేర్చుకొనవలసిన పని. తాంబాళములో గుమ్మడి ఆకులు పరచి, అంచునుండి గుండ్రముగా తంగేడు పూలు కూర్తురు. పైవరుసలో గునుగు. గునుగు సహజముగా తెల్లని కంకి. కొసన కొంచెము గులాబివన్నె యుండును. దానిని కట్టలు కట్టి, కొసలు సమముగా కోసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులలో ముంచి ఆరవేయుదురు. ఆ పైన బంతి, చేమంతి, కట్లపూలు, సీతజడ. వరుస పెరుగుచున్న కొలది చుట్టు తగ్గి గోపురమగును. లోపలి ఖాళీని ఆకులతోను తుంచిన కాడలతోను నింపనిచో గోపురము మధ్యలో క్రుంగును. శిఖరమున గుమ్మడిపూవు నుంచి అందు పసుపు గౌరమ్మను నిలుపుదురు. సాయంకాలము వాకిట బతుకమ్మలను నడుమ నుంచి, చప్పట్లు చరచుచు, పాడుచు వలయముగా తిరిగి, కడపటి దినమున చెరువునకు కొనిపోయి నీటిలో విడుతురు. పిదప సద్దులు. పెరుగన్నము, పులిహోర, నువ్వుల పొడి కలిపిన అన్నము, రొట్టెను బెల్లముతో నలిపి చేసిన మలీద గట్టుననే కూర్చుండి పంచుకొని తిందురు.

ఈ పండుగలోని పూలను గమనింపుడు. తంగేడును ఎవరును నాటరు, నీరు పోయరు. రాళ్ళనడుమ, బీడులో, బాటప్రక్కన పెరుగును. వానలు వెనుకబట్టువేళకు పసుపుపచ్చగా విరియును. గునుగు చేలలో కలుపుమొక్క. రైతు పెరికి పారవేయు మొక్కయే అమ్మవారి గోపురమగును. చెరువులు నిండియుండుటయు ఆ రోజులలోనే. బీడు పూచిన కాలమున, చెరువు నిండిన కాలమున రెంటినికలిపి చేయు ఉత్సవమిది. ధనవంతుల తోటతో దీనికి పనిలేదు. కంచ యుండిన చాలును.

కంచ తగ్గిన గచ్చిబౌలిలో నేడు ఈ పండుగ ఇట్లు జరుగుచున్నది. పల్లెలనుండి స్త్రీలు తంగేడు, గునుగు కట్టలను తెచ్చి రహదారుల ప్రక్కన కుప్పలుగా పోసి అమ్ముదురు. బంతి, చేమంతులు గుడిమల్కాపురపు పూల అంగడినుండి వచ్చును. కరీంనగరపు అమ్మమ్మ పేర్చుచుండగా కాకినాడ కోడలును, కలకత్తానుండి వచ్చిన పొరుగింటి ఇల్లాలును ఆమె చేతివాటము చూచి నేర్చుకొందురు. పాట తెలియనివారు చప్పట్లతో అడుగు కలుపుదురు. ఇది మెచ్చదగిన మార్పు. 2016 లో హైదరాబాదు లాల్‌బహదూర్ క్రీడారంగమున 9,292 మంది స్త్రీలు ఒక్కసారిగా బతుకమ్మ ఆడి గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. లెక్కకొరకు ఆడినదానికన్న, నివాసపు వాకిట నలువదిమంది ఆడినదానియందే పండుగ యెక్కువగా నున్నదనవలెను. చెరువునకు పోవుట కష్టమైన చోట నగరపాలకులు కట్టించిన చిన్న కొలనులలో పూలను విడుచుచున్నారు. పిల్లలు పూల పేర్లు చెప్పగలరు. అవి పూచిన మొక్కను చూచినవారు తక్కువ.

దుర్గం చెరువు మాత్రము నిలిచినది. గోలకొండ సుల్తానుల కాలమున కోటకు త్రాగునీరు దీనినుండియే పోయెడిదని చెప్పుదురు. నాలుగు వైపుల గుట్టలు మరుగుపరచుటచే దీనికి రహస్యపు చెరువని పేరు కూడ వచ్చెను. 2020 సెప్టెంబరు 25 న దీనిపై తీగల వంతెనను ప్రారంభించిరి. నాటినుండి రహస్య మేమియు మిగులలేదు. సాయంకాలము కుటుంబములు వచ్చి గట్టుబాటపై నడచును, పడవలెక్కును, చీకటి పడగనే వంతెన రంగుదీపములను చూచును. గుట్ట బండపై పడిన వాన ఇంకక జారి పల్లమున చేరుటచే ఈ చెరువు నిండెడిది. బండ పోయి భవనము వచ్చిన చోట వానతోపాటు మురుగును వచ్చును. దానిని శుద్ధిచేసి విడుచుట యొక నిత్యకృత్యమైనది.

కార్తికమాసము వనభోజనముల కాలము. ఉసిరిచెట్టు క్రింద వండుకొని, కలిసి తినుట ఆంధ్రదేశమున పూర్వమునుండి వచ్చిన ఆచారము. కోస్తానుండి వచ్చిన కుటుంబములు దీనిని గచ్చిబౌలికి వెంటతెచ్చుకొన్నవి. కాని వనమేది? కొత్తగూడవద్ద సుమారు 270 ఎకరముల వృక్షోద్యానము కలదు. కోట్ల విజయభాస్కరరెడ్డి పేర దానిని పిలుతురు. వెదురు పొదలు, ఔషధపు మొక్కలు, తాటిజాతి చెట్లు వేరువేరు వనములుగా పెంచిరి. మరికొందరు గండిపేటకు పోవుదురు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచి వేలమందిని పొట్టబెట్టుకొన్నది. అట్టి వరద మరల రాకుండుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచన మేరకు మూసీపై కట్టిన జలాశయమే గండిపేట చెరువు. 1920 లో పూర్తియై ఉస్మాన్‌సాగరమని పేరొందినది. ఆ దాపుననే చిలుకూరు బాలాజీ గుడియును, జింకలు తిరుగు మృగవని వనమును ఉన్నవి.

వనభోజనము విషయమున ఒక వికృతి కూడ పుట్టినది. ఏ కులమువారు ఆ కులమువారుగా వేరువేరు చోట్ల వనభోజనములు జరుపుకొనుట కొన్ని చోట్ల వాడుకయైనది. ఇంటినుండి బయటకు వచ్చి నలుగురితో కలియుటకు పుట్టిన ఆచారమున గోడలు కట్టుట విచిత్రము. ఈ విషయమున నివాస సముదాయముల వనభోజనములే మేలు. అచట పంక్తిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుందురో ముందుగా ఎవరును చెప్పలేరు. పులిహోర ప్రక్కన దోక్లాయు వడ్డింపబడును.

సంక్రాంతికి గచ్చిబౌలి రహదారులు బోసిపోవును. సగము ఊరు సొంత ఊళ్ళకు తరలును. నిలిచిపోయినవారు మాదాపురములోని శిల్పారామమునకు పోయి గంగిరెద్దులను, హరిదాసులను పిల్లలకు చూపుదురు. జనవరి 1 న నాంపల్లిలో నుమాయిష్ తెరచును. 1938 లో ఉస్మానియా పట్టభద్రుల పూనికతో కొద్ది దుకాణములతో మొదలైన ప్రదర్శనమిది. రాయదుర్గమునుండి మెట్రోరైలులో అమీర్‌పేటవద్ద బండి మారి నేరుగా పోవచ్చును. కాశ్మీరపు శాలువలకన్న పిల్లలకు రాట్నముపైననే చూపెక్కువ.

చలికాలపు ఉదయములు గుట్టలెక్కుటకు అనువైనవి. ఈ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. హిమాలయములు లేచుట ప్రారంభమై అయిదారు కోట్ల సంవత్సరములే యైనది. వాటిముందు ఈ గుట్టలు తాతల తాతలు. భూగర్భమున కరిగియున్న ద్రవము చల్లారి నల్లసేనపు బండయైనది. పైనున్న నేల కొట్టుకొనిపోగా బండ బయటపడినది. బరువు తొలగుటచే బీటలు వారినది. బీటలలో నీరు దిగి, ఎండకు వానకు మూలలు అరిగి, ఉల్లిపొరలవలె పెచ్చులు రాలి గుండ్రములైనవి. ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లుండు రాళ్ళను ఎవరును పేర్చలేదు. చుట్టునున్నది అరిగిపోగా మిగిలినవే అవి. విశ్వవిద్యాలయపు ఆవరణలో పుట్టగొడుగును పోలిన బండ యొకటి ప్రసిద్ధము. ఇట్టి బండలను కంకరగా కొట్టివేయుట చూచి కొందరు పౌరులు 1996 లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘమును స్థాపించి, కుటుంబములను వెంటబెట్టుకొని గుట్టల నడకలు జరుపుచు వచ్చిరి.

విశ్వవిద్యాలయపు సరిహద్దుననున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల విషయమున 2025 లో పెద్ద వివాదము కలిగెను. ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వమునకే చెందునని 2024 లో ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పియుండెను. దానిని పరిశ్రమలకై వినియోగించి ఉద్యోగములు కల్పింపవలెనని ప్రభుత్వము తలపెట్టెను. నెమళ్ళు, జింకలు, తాబేళ్ళు తిరుగు చోటని విద్యార్థులు అడ్డుపడిరి. ఈ విశ్వవిద్యాలయపు ఆవరణలో కనుగొనిన ఒక సాలీడు జాతికి హైదరాబాదు పేరే పెట్టియున్నారు. మార్చి చివర యంత్రములు దిగి చెట్లను పడద్రోయసాగెను. ఏప్రిల్ 3 న సర్వోన్నత న్యాయస్థానము ఆ పనిని నిలుపుమని ఆజ్ఞాపించెను. ఉద్యోగము కోరుటయు తప్పు కాదు. ఇచటికి వచ్చిన కుటుంబములన్నియు ఉద్యోగమునకై వచ్చినవే. ఆ కుటుంబముల పిల్లలు ఆదివారమునాడు పోవుటకు గుట్ట కావలెననుటయు తప్పు కాదు.

ఖాజాగూడ గుట్టను ఫక్రుద్దీను గుట్ట యని కూడ అందురు. అదే గుట్టపై బాబా ఫక్రుద్దీను దర్గాయును, అనంతపద్మనాభస్వామి గుడియును ఉన్నవి. సూర్యోదయమునకు ముందు బయలుదేరినవారు పెద్దకష్టము లేకయే పైకి చేరుదురు. మడమ పట్టుగల చెప్పులు, నీళ్ళ సీసా, తినుటకు ఏదైన నొక పొట్లము చాలును. ఆ పొట్లపు కాగితమును మరల ఇంటికి తెచ్చుకొనవలెను. బండ సందులలో తంగేడు ఇప్పటికిని కనబడును. ఆకాశము నిర్మలముగా నున్న దినమున ఆగ్నేయమున గోలకొండ కోట కానవచ్చును. పడమర అద్దపు భవనములపై తొలియెండ మెరయును. గుట్ట దిగువరకు ఎనిమిది గంటలగును. అప్పటికి క్రింది రహదారిపై ఆదివారమైనను వాహనములు బారులు తీరియుండును.