ఆరుబయట బల్లలు వేయొచ్చా?

ప్రశ్న: బిలాస్‌పూర్ రైల్వే కాలనీ దగ్గర మాకు టిఫిన్ హోటలుంది. లోపల 36 సీట్లు. పక్క ఖాళీ జాగాలో ఇంకో 20 వేస్తే గిట్టుబాటవుతుందా?

జవాబు: జాగా సంగతి తర్వాత, ముందు మీ పెనం చూడండి. ఆదివారం పొద్దున జనం నిలబడేది కుర్చీ కోసమా, దోసె కోసమా? కూర్చున్నవాళ్లకే దోసె రావడానికి పావుగంట పడుతుంటే, బయట సీట్లు వేసినందువల్ల విసుక్కునేవాళ్లు మరో 20 మంది పెరుగుతారంతే. రెండు ఆదివారాలు గడియారం చూసి రాసుకోండి.

మీ ఊళ్లో ఆరుబయట హాయిగా కూర్చోగలిగేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మే నెల పగళ్లు 40 డిగ్రీలు దాటతాయి. జూన్ సగం నుంచి సెప్టెంబరు దాకా వానలు. కాబట్టి పెట్టిన డబ్బును 12 నెలలతో కాదు, నాలుగైదు నెలలతో భాగించండి. వేసవి సాయంత్రాలు కొంత కలిసొస్తాయి, దోమలు ఊరుకుంటే. రేకుల షెడ్డు మాత్రం వద్దు. మేలో గిరాకీని పెనం మీద కూర్చోబెట్టినట్టే.

ఆ జాగా ఎవరిది? 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం మీ ఊళ్లోనే ఉంది. రైల్వే హద్దు లోపల అనుమతి లేకుండా ఒక్క బల్ల వేసినా ఆక్రమణే. సొంత స్థలమైనా నగరపాలక సంస్థలో కనుక్కోండి.

అన్నీ కుదిరితే డిసెంబరులో టెంట్ హౌస్ నుంచి ఐదు బల్లలు అద్దెకు తెచ్చి నెల్లాళ్లు నడపండి. సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు బయటి బల్లల దాకా రెండోసారి వస్తున్నాడో లేదో అప్పుడు తెలుస్తుంది.