లతీను పాట మనకు పరాయిదా?



దివ్యసత్ప్రసాద ఆశీర్వాదం వేళ పుస్తకం చూడకుండా ‘తాంతుం ఎర్గో’ పాడే పెద్దవారిని మీలో కొందరు చూచి ఉంటారు. అర్థం అడిగితే, “దేవుని పాట నాయనా” అని ఊరుకుంటారు. ఆ తరంతోపాటు ఆ పాట కూడా పోవలసిందేనా?

మన వరంగల్లు మేత్రాసనం 1952 డిసెంబరు 22న ఏర్పడింది. అప్పుడు దివ్యబలిపూజ లతీనులోనే జరిగేది. ఆ గానానికి పునీత గ్రెగోరి పాపుగారి (590–604) పేరు వచ్చింది. అయితే ఈనాడు మనకున్న రూపం 8, 9 శతాబ్దాలలో ఫ్రాంకుల దేశంలో కుదిరిందని పండితులు చెబుతారు.

ఈ గానంలో అందరిదీ ఒకే స్వరం. తాళం లేదు. మాట ముందు నడుస్తుంది, రాగం వెనుక నడుస్తుంది. నాటకంలో పద్యం రాగంతో చదవడం ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. 11వ శతాబ్దంలో గీదో అనే సన్యాసి, స్నాపక యోహాను గారి కీర్తనలోని పాదాల మొదటి అక్షరాలతోనే ‘ఉత్, రే, మీ, ఫా, సోల్, లా’ అని స్వరాలకు పేర్లు పెట్టాడు. మన సరిగమల వంటివే అవి.

రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవార్చనలో ప్రజల భాషకు తలుపు తెరిచింది. తెలుగులో పూజ మనకు దొరికిన గొప్ప వరం. కాని అదే మహాసభ గ్రెగోరియన్ గానానికి ప్రధాన స్థానం ఇవ్వాలని, విశ్వాసులు తమ వంతు ప్రార్థనలను లతీనులోనూ పాడగలగాలని చెప్పింది. 1974లో ఆరవ పౌలు పాపుగారు అందుకోసమే సులువైన గీతాలతో ‘యూబిలాతే దేవో’ అనే చిన్న పుస్తకాన్ని పీఠాధిపతులకు పంపారు.

“అర్థం కానిది ఎందుకు పాడాలి?” అని యువతీయువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అర్థం తెలియక పాడితే పెదవుల సేవే అవుతుంది. అయితే ‘ఆమెన్’, ‘అల్లెలూయ’, ‘హోసన్న’ హెబ్రీ మాటలు కావా? లతీను పూజలో నిలిచిన ‘కీరియే ఎలేయిసోన్’ గ్రీకు మాట కాదా? “ప్రభువా, దయ చూపండి” అని దాని అర్థం. అర్థం నేర్పితే పరాయి మాట ప్రార్థన అవుతుంది. నేర్పకపోతే తెలుగు పాట కూడా కచేరీ అవుతుంది.

తపస్సుకాలంలో వాయిద్యాలు పాటకు ఆధారంగా మాత్రమే మోగాలని శ్రీసభ నియమం. కొన్ని పండుగలకు, ఆ కాలపు నాల్గవ ఆదివారానికి మాత్రమే మినహాయింపు. కీబోర్డు హోరు తగ్గే ఆ నలభై రోజులు నేర్చుకోవడానికి అనువైన కాలం. జపమాల తరువాత ఒక్క ‘కీరియే’ పాడండి. ముందు అర్థం చెప్పండి, తరువాత స్వరం. ఇంట్లో పెద్దలుంటే వారినే గురువుగా కూర్చోబెట్టండి.

వారు కంఠంలో దాచుకున్నది మన బిడ్డలకు ఆస్తి. అడిగి తీసుకోవడం మన వంతు.