సిగ్నల్ దగ్గర ఊగే ఆర్‌పీఎం ముల్లు

సందేహం: మాది 2000 మోడల్ టొయోటా సియెన్నా. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు 1,000కీ 1,700కీ మధ్య ఊగుతోంది. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ మార్చారు. ఫలితం లేదు. ఇప్పుడు కంప్యూటరే మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
- ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

సమాధానం: ఇప్పుడే వద్దండి. ముల్లు ఒకే లయలో పైకీ కిందికీ ఆడుతోందంటే చాలావరకు కంప్యూటర్ తన పని తాను చేస్తోందనే అర్థం. యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజన్‌లోకి ఎక్కువ గాలి వస్తోంది. వేగం పెరుగుతుంది. అది హద్దు దాటగానే, కాలు తీసేసి బండిని దొర్లనిస్తున్నారనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోగానే మళ్లీ వదులుతుంది. కాబట్టి వెతకాల్సింది ఆ గాలి ఎటునుంచి వస్తోందో.

ముందు ఖర్చులేని పని చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి కూలంట్ సరిపడా ఉందో లేదో చూడండి. అది తగ్గి సెన్సర్ దగ్గర గాలి చేరితే, ఇంజన్ వేడెక్కలేదనుకుని కంప్యూటర్ ఐడిలింగ్ పెంచుతుంది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే రబ్బరు గొట్టాన్ని సాగదీసి మడతల్లో చూడండి. పగుళ్లు అక్కడే దాక్కుంటాయి. పీసీవీ గొట్టాన్నీ, బ్రేక్ బూస్టర్ గొట్టాన్నీ కూడా వదలొద్దు.

అమెరికాలో 1996 మోడల్ నుంచి పెట్రోలు కార్లన్నిటికీ ఓబీడీ-2 అనే స్వీయ పరీక్షా వ్యవస్థ ఉంది. దానికి తగిలిస్తే లైవ్ డేటా చూపించే చిన్న రీడర్ కొనుక్కోండి. అందులో కంప్యూటర్ పెట్రోలును ఎంత సవరిస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడాలి. ఐడిలింగ్‌లో అది 15 శాతం దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే ఎక్కడో గాలి లీకవుతోంది. వేగంతోపాటు అదీ పెరిగితే ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు మురికి పట్టిందేమో, పెట్రోలు ఒత్తిడి చాలడం లేదేమో చూడాలి. అంకె మామూలుగా ఉండి ముల్లు మాత్రం ఊగుతుంటే, థ్రాటిల్ బాడీకి ఉన్న ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్ మసి పట్టి బిగుసుకుని ఉండొచ్చు. దాన్ని విప్పి శుభ్రం చేసి, కొత్త గాస్కెట్ వేయిస్తే తరచూ సరిపోతుంది.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. లీకు పట్టడానికి వేడి ఇంజన్ మీద కార్బురేటర్ క్లీనర్ చల్లకండి, మంట అంటుకుంటుంది. షాపులో స్మోక్ టెస్ట్ అడగండి.

సందేహం: స్మాగ్ చెక్ (కాలుష్య పరీక్ష) దగ్గర పడింది. బ్యాటరీ తీసి పెట్టేస్తే చెక్ ఇంజన్ లైటు ఆరిపోతుంది కదా?
- ఒక పాఠకుడు, శాన్ హోసే

సమాధానం: ఆరుతుంది, కానీ పరీక్ష గట్టెక్కదు. లైటుతోపాటు కంప్యూటర్ స్వయంగా చేసుకున్న పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు బండ్లకు ఈవాప్ (పెట్రోలు ఆవిరి) పరీక్ష ఒక్కటి తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాలి. లోపం బాగుచేయించి, కొన్ని రోజులు ఊళ్లోనూ ఫ్రీవే మీదా నడిపి, అప్పుడు వెళ్లండి.

సందేహం: క్యాంపింగ్ కోసం 1987 ఫోక్స్‌వ్యాగన్ వానగన్ కొన్నాను. వేడెక్కాక ఐడిలింగ్ నిలకడగా ఉండదు, నల్లటి పొగ కూడా వస్తోంది. దీనికి రీడర్ పెట్టే చోటే లేదు.
- ఒక పాఠకుడు, పోర్ట్‌లాండ్, ఆరెగన్

సమాధానం: ఉండదు, అది ఓబీడీ-2 కంటే ముందుతరం బండి. మీకు మల్టీమీటరే ఆధారం. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని. మొదటి అనుమానం టెంప్-2 అని పిలిచే కూలంట్ సెన్సర్ మీద. అది చెడితే వేడి ఇంజన్ కూడా కంప్యూటర్‌కు చల్లగానే కనిపిస్తుంది. ప్లగ్ తీసి సెన్సర్ రెసిస్టెన్స్ కొలవండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2,000 నుంచి 3,000 ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 రావాలి. వేడిలోనూ వేలల్లోనే ఉంటే మార్చేయండి. సెన్సర్ బాగానే ఉంటే ఇంజన్ ఎర్త్ వైర్లు విప్పి తుప్పు గీకి బిగించండి. ఆక్సిజన్ సెన్సర్ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి లోపలి తీగ పైనున్న తొడుగుకు తగులుతోందేమో చూడండి. ఎయిర్‌ఫ్లో మీటర్ ఖరీదైనది కాబట్టి ఇవన్నీ అయ్యాకే దాని జోలికి వెళ్లండి.