108 కంప్యూటరుకు కూడా కాపలా కావాలి



అర్ధరాత్రి బాలాపూర్‌లో ఒక పెద్దాయనకు గుండెనొప్పి వచ్చిందనుకోండి. ఇంటివారు 108కి ఫోను చేస్తారు. ఫోను ఎత్తినవారు చిరునామా, రోగి పరిస్థితి అడిగి కంప్యూటరులో ఎక్కించి, దగ్గరలోని అంబులెన్సును పంపుతారు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ సేవకు కంప్యూటరే ఆధారం. అది ఆగితే రోగికి విలువైన నిమిషాలు పోతాయి.

2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఇంగ్లాండులో కొన్ని ఆసుపత్రులు అంబులెన్సులను వేరే చోటికి మళ్లించవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చిలోనే ఇచ్చింది. బిడ్డకు టీకా ఎంతో, కంప్యూటరుకు అప్‌డేట్ అంత. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగినప్పుడు చాలా రోజులు చేతిరాతతో పని నడిపారు.

మీ పిల్లలు ఇలాంటి కాల్ సెంటర్లలోగాని, ఆసుపత్రి కౌంటర్లలోగాని పనిచేస్తుంటే ఈ అలవాట్లు చెప్పండి:

1. పాస్‌వర్డు పక్క సీటువారికి కూడా చెప్పకూడదు. కాగితం మీద రాసి అంటించకూడదు.

2. టీ తాగడానికి లేచినా కంప్యూటరు లాక్ చేయాలి.

3. ఇంటి పెన్‌డ్రైవు పెట్టకూడదు. ఆ కంప్యూటరుకు ఫోను ఛార్జింగు కూడా పెట్టకూడదు.

4. తెలియని మెయిల్‌లో లింకు నొక్కకూడదు. పొరపాటున నొక్కితే భయపడి దాచకుండా వెంటనే సూపర్‌వైజరుకు చెప్పాలి. మొదట్లో చెప్పిన జబ్బే త్వరగా నయమవుతుంది.

5. కాల్ చేసినవారి పేరు, జబ్బు, ఫోను నంబరు వాట్సాప్‌లో పెట్టకూడదు.

మీ వంతు కూడా ఉంది. వేరొకరి రోగి వివరాలు చెప్పమని వారిని ఒత్తిడి చేయవద్దు. చెప్పకపోతే కోపగించుకోవద్దు. రేపు మీ వివరాలను కాపాడేది ఆ నియమమే. 108కి ఫోను చేసినప్పుడు చౌరస్తా నుంచి ఎటు రావాలో, ఏ బడి పక్కనో, ఏ గుడి ఎదురుగానో నిదానంగా చెప్పండి. కంప్యూటరు ఆగిన రోజున కూడా కాగితం మీద రాసుకొని బండి పంపగలుగుతారు. 108 సేవ ఉచితం. ఆ పేరుతో ఎవరైనా ఓటీపీ గాని డబ్బు గాని అడిగితే అది మోసం. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

రాత్రంతా మేలుకొని మన కోసం ఫోను ఎత్తేవారిని మీ ప్రార్థనలో తలచుకోండి. దేవుడు మీ రోగికి త్వరగా స్వస్థతనిచ్చును గాక.